వీరుడు ఇల్లు చేరిన పిదప

పల్నాటి వీరచరిత్రమును వినని తెలుగిల్లాలు అరుదు. బాలచంద్రుడు యుద్ధమునకు బయలుదేరుటయు, తల్లి ఐతాంబ తల్లడిల్లుటయు, భార్య మాంచాల వీరపత్నియై ఆతనిని సాగనంపుటయు మనము చిన్ననాటినుండి వినుచున్న కథలు. ఆ కథలో బాలచంద్రుడు మరల ఇల్లు చేరలేదు. కారెమపూడి రణభూమియందే ఒరిగిపోయెను. ఖడ్గతిక్కన ఇల్లు చేరెను గాని, వచ్చినవాని స్నానమునకు భార్య మంచము అడ్డుపెట్టి పసుపుముద్ద నుంచి పరిహసించెననియు, అది సహింపజాలక ఆతడు మరల రణమునకు పోయి ప్రాణములు విడిచెననియు చెప్పుదురు. గడప దాటి యుద్ధమునకు పోయిన మగవానిని గూర్చి మన వీరగాథలు ఎంతయో చెప్పినవి. యుద్ధము ముగించుకొని ఆ గడపలోనికి సజీవుడై మరలివచ్చినవాని తరువాతి జీవితమును గూర్చి చెప్పినది మాత్రము స్వల్పము.

ఆ కొఱతను కొంతవఱకు తీర్చు నొక నిజజీవితమును ఈ మాసము మా సోదరీమణుల ముందుంచ దలచితిమి. ఈతడు మన దేశమువాడు కాడు. అమెరికాదేశపు పదాతి సైనికుడు. పేరు ఆడీ మర్ఫీ. రెండవ ప్రపంచ యుద్ధమున ఆ దేశపు సైనికులలో ఈతనికి మించిన పతకములు పొందినవారు మిక్కిలి అరుదు. ఆ పతకములు ఏ యే దినముల పరాక్రమమునకు లభించినవో సైనిక చరిత్రలయందు స్పష్టముగా నున్నది. మేము ఆతనిని ఇంటివైపునుండి, అనగా తల్లియు, అక్కయు, భార్యయు నిలిచి చూచిన వైపునుండి చూడగోరుచున్నాము. ఏలయన, యుద్ధము రెండేండ్లలో ముగిసినను, ఆ యుద్ధముతోడి కాపురము ఆ ఇంట ఇరువది యారేండ్లు సాగినది.

ప్రత్తిచేల బాలుడు

ఆడీ మర్ఫీ 1925 జూన్ 20వ తేదీన టెక్సస్ రాష్ట్రమున కింగ్‌స్టన్ అను పల్లెలో జన్మించెను. తండ్రి ఎమ్మెట్, తల్లి జోసీ. పండ్రెండుగురు సంతానములో ఆతడు ఏడవవాడు. వారికి సొంతభూమి లేదు. ఒకరి భూమిని పాలికి చేసి, పండినదానిలో భాగము పుచ్చుకొని బ్రతుకు కుటుంబము. మన పల్లెలలో కౌలురైతు ఇంటి కష్టమెఱిగినవారికి ఆ ఇంటి స్థితిని వేఱుగ వర్ణింప నక్కఱలేదు. తండ్రి నిలుకడ లేనివాడు. ఇంటికి వచ్చుచు పోవుచునుండి, తుదకు ఆలుబిడ్డలను విడిచి వెళ్లిపోయెను. సంసారభార మంతయు జోసీ తలపై బడెను.

ఆడీ అయిదవ తరగతితో బడి మాని ప్రత్తి యేఱుటకు కూలికి పోయెను. దినకూలి ఒక డాలరు. ఇంతలో ఆతనికి తుపాకి గుఱి అలవడెను. కుందేళ్లను, ఉడుతలను కొట్టి ఇంటికి తెచ్చినచో తమ్ములకును చెల్లెండ్రకును ఆ పూట కూర దొరకును. తూటాలు ఊరక రావు. గుఱి తప్పినచో తూటాయు నష్టము, కూరయు నష్టము. తరువాత లోకమంతయు మెచ్చుకొన్న ఆ గుఱి సైన్యములో మొదట నేర్చినది కాదు. పొయ్యిమీది కుండ ఖాళీగా నుండునను భయముతో నేర్చినది.

1941 మే 23వ తేదీన జోసీ గుండెజబ్బుచేతను, న్యుమోనియాచేతను మరణించెను. ఆడీకి అప్పటికి పదునాఱేండ్లు నిండలేదు. చిన్నవారైన ముగ్గురు తమ్ముని, చెల్లెండ్రను పోషించు దారి లేక వారిని అనాథాశ్రమములో చేర్పవలసి వచ్చెను. తల్లి ఉన్నంతకాలము ఎంత పేదదైనను అది ఒక ఇల్లు. ఆమె పోయిన పిదప అది చెదరిన పక్షిగూడయ్యెను. పెద్దవాడై, పేరు పొంది, తన కథను గ్రంథముగా ప్రకటించినప్పుడు సైతము ఆడీ తన తల్లి పొడవైన కేశములను తలచుకొనెను. ఆమె మరణముతో తనలో నేదియో పోయినదను భావము ఆతనిని విడువలేదు.

అక్క ఇచ్చిన ప్రమాణపత్రము

1941 డిసెంబరులో జపాను విమానములు పెర్ల్ హార్బరుపై దాడి చేసెను. అమెరికా యుద్ధమున ప్రవేశించెను. ఆడీ సైన్యములో చేరబోయెను. వయస్సు చాలదు, బరువు చాలదు అని పదాతిదళమువారును, నౌకాదళమువారును, మెరీనులును ఆతనిని త్రిప్పి పంపిరి. అప్పుడు ఆతని అక్క కోరిన్ వయస్సును ఒక సంవత్సరము పెంచి ప్రమాణపత్రము వ్రాసి యిచ్చెను. దానితో 1942 జూన్ నెలాఖరున ఆతడు సైన్యములో చేరగలిగెను.

ఈ ఘట్టమువద్ద మా సోదరీమణులు ఒక నిమిషము ఆగవలయును. తమ్ముని మరణముఖమునకు పంపు కాగితముపై అక్క తానే చేవ్రాలు చేయుట ఎట్టిది? కోరిన్ హృదయమున నేమి జరిగెనో మేము కల్పించి చెప్పము. కాని ఆ ఇంటి స్థితి మన యెదుట నున్నది. తల్లి లేదు, తండ్రి లేడు, భూమి లేదు, చదువు లేదు. చిన్నవారు అనాథాశ్రమమున నున్నారు. సైన్యమనగా నెలజీతము, రెండుపూటల అన్నము, తలయెత్తుకొని నిలుచుటకొక స్థానము. దేశభక్తి వలన సైన్యమున చేరువా రెందఱో, పేదఱికము త్రోయగా చేరువారు అందఱు. తఱచు ఈ రెండును ఒకే మనిషిలో కలిసియుండును. ఆ పిల్లవానియందును కలిసియే యుండెను.

చేరునాటికి ఆతని ఎత్తు అయిదడుగుల అయిదున్నర అంగుళములు, బరువు 112 పౌనులు. మన లెక్కను 51 కిలోలు. శిక్షణలో ఒకనాడు కవాతు చేయుచు మూర్ఛపోయెను. ఈ బక్కపిల్లవాడు యుద్ధమునకు పనికిరాడని, వంటశాలకు పంపుట మేలని పైయధికారి తలచెను. ఆడీ ఒప్పుకొనలేదు, పట్టుబట్టి పదాతిదళముననే నిలిచెను.

రణరంగము

1943 ఫిబ్రవరిలో ఆతనిని ఓడలో ఉత్తరాఫ్రికాలోని కాసబ్లాంకాకు పంపిరి. మూడవ పదాతి డివిజనులో, పదునైదవ రెజిమెంటులో, బి కంపెనీ ఆతనిది. జూలై 10వ తేదీన ఆ దళము సిసిలీ ద్వీపముపై దిగెను. అచ్చటనే ఆతడు మనుష్యులను తొలిసారి చంపెను. గుఱ్ఱములపై పాఱిపోవుచున్న ఇద్దఱు ఇటలీ అధికారులను కాల్చెను. కుందేటిపై నేర్చిన గుఱి మనుష్యునిపై పనిచేసినది. మలేరియా ఆతనిని అచ్చటనే పట్టుకొని, తరువాత పలుమాఱులు తిరుగబెట్టెను.

సిసిలీ పిదప ఇటలీ. 1944 జనవరి మొదలు అన్జియో తీరమున బురదగుంటలలో నెలల తరబడి పోరు సాగెను. ఆ మాసములందే, అచ్చటికి దూరము గాని కసీనో కొండలవద్ద మన దేశపు నాలుగవ డివిజను రక్తమోడ్చి పోరాడుచుండెను. ఆ యేడు మార్చి 2వ తేదీ రాత్రి ఆడీ ఒంటరిగ ప్రాకిపోయి, నిలిచిపోయిన జర్మను ట్యాంకును తుపాకితో వేయు గ్రెనేడులచే ధ్వంసము చేసెను. దీనికి ఒక పతకము లభించెను.

1944 ఆగస్టు 15వ తేదీన ఆ దళము ఫ్రాన్సుదేశపు దక్షిణతీరమున దిగెను. ఆడీకి ప్రాణమిత్రుడు లాటీ టిప్టన్ అను టెనెస్సీవాడు. వయస్సున పెద్దవాడు, ఇంటివద్ద ఒక చిన్న కుమార్తె గలవాడు. ఆ దినమున రామతుయెల్ అను గ్రామసమీపమున జర్మనులు లొంగిపోవుచున్నట్లు సైగచేయగా, టిప్టన్ నమ్మి లేచి నిలిచెను. వారు వెంటనే కాల్చి చంపిరి. అటుపిమ్మట ఆడీ ఒక్కడే శత్రువులనుండి చేజిక్కించుకొన్న మరతుపాకితో ఆ కొండనెక్కి ఆ స్థావరములను నిర్మూలించెను. ఇందులకు ఆతనికి రెండవ శ్రేణి మహాపతకము, డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్, లభించెను. ఆ కార్యమును లోకము పరాక్రమమనెను. అందులో పరాక్రమ మెంతయో, పుత్రశోకమువంటి మిత్రశోక మెంతయో ఎవరు వేఱుచేసి చెప్పగలరు?

అక్టోబరులో మరి రెండు రజత నక్షత్రములు, రణభూమియందే సెకండ్ లెఫ్టినెంటు పదవి లభించెను. ఆ నెల 26వ తేదీన పొంచియున్న శత్రువు కాల్చిన గుండు తుంటిలో దిగబడెను. పుండు కుళ్లగా, చెడిన కండను కోసివేయవలసి వచ్చెను. మూడునెలలకు దగ్గఱగా ఆస్పత్రిలో నుండి, 1945 జనవరిలో మరల తన కంపెనీని చేరెను.

జనవరి 26. ఫ్రాన్సుదేశపు తూర్పుసరిహద్దున హోల్ట్స్‌విర్ అను గ్రామము. నేలయంతయు మంచు కప్పియుండెను. కంపెనీలో బహుభాగము చనిపోయిరి, లేదా గాయపడిరి. పందొమ్మిదేండ్ల ఆడీయే ఇప్పుడు దానికి నాయకుడు. ఆఱు ట్యాంకులతోను, వందలకొలది కాలిబలముతోను జర్మనులు మీదికి వచ్చుచుండిరి. ట్యాంకులను కొట్టుటకు వచ్చిన అమెరికను ఫిరంగిబండి ఒకటి గుండు తగిలి మండసాగెను. దానిలోనివారు దిగి పోయిరి. ఆడీ తన మనుష్యులను వెనుకనున్న అడవిలోనికి పొమ్మని యాజ్ఞాపించి, తాను మాత్రము నిలిచి, టెలిఫోనులో తమ ఫిరంగిదళమునకు గుఱి చెప్పుచుండెను. పిదప ఆ మండుచున్న బండిపైకెక్కి, దానిపైనున్న మరతుపాకిని చేతబట్టెను. ఆ బండిలో ఇంధనమును, గుండ్లును ఉన్నవి; ఏ క్షణమున పేలునో తెలియదు. మూడు దిక్కులనుండి శత్రువులు కాల్చుచుండిరి. కాలికి గాయమయ్యెను. అట్లే ఒక గంటకాలము నిలిచి పోరి, ఏబదిమంది దాకా శత్రువులను చంపుటయో గాయపఱచుటయో చేసెను. శత్రువు వెనుదిరిగెను. అప్పుడాతడు బండి దిగి కుంటుచు తనవారిని చేరి, వారిని తోడ్కొని ఎదురుదాడి నడపెను. ఏల అట్లు చేసితివని తరువాత అడిగినవారికి, వారు నా స్నేహితులను చంపుచుండిరి గనుక అని బదులుచెప్పెనట.

1945 జూన్ 2వ తేదీన ఆస్ట్రియాదేశమున సాల్జ్‌బర్గు సమీపమున సేనాధిపతి ప్యాచ్ ఆతని మెడలో అమెరికాదేశపు అత్యున్నత పతకమగు మెడల్ ఆఫ్ ఆనర్‌ను వేసెను. గాయములకిచ్చు పర్పుల్ హార్ట్ పతకములు మూడు. ఫ్రాన్సు, బెల్జియము దేశములును ఆతనిని సన్మానించెను. ఆనాటికి ఆతనికి ఇరువదియేండ్లు నిండలేదు. ఓటువేయుటకు ఆ దేశమున నాడు ఇరువదియొక యేడు నిండవలసియుండెను. ప్రభుత్వము నెన్నుకొను వయస్సు రాకమునుపే ఆ ప్రభుత్వము కొఱకు చంపుటయు, చచ్చుటకు సిద్ధపడుటయు ఆతనికి సంప్రాప్తించెను.

గృహప్రవేశము

టెక్సస్‌లో ఊరేగింపులు జరిగినవి. 1945 జూలై 16వ తేదీ లైఫ్ పత్రిక ముఖచిత్రముగ ఆతని నవ్వుమొగము వెలువడెను. ఇంకను మీసము సరిగా రాని ఆ ముఖమును చూచి దేశములోని తల్లులందఱు మురిసియుందురు. ఆతడు మొదట తలచినది అనాథాశ్రమమునందున్న తన తోబుట్టువులను. ఫార్మర్స్‌విల్ అను ఊర ఒక ఇల్లు కొని, అక్క కోరిన్ కుటుంబమును అందుంచి, ఆ ముగ్గురిని ఆమె చెంతకు చేర్పదలచెను. కోరిన్‌కు సొంతబిడ్డలు ముగ్గురు. ఆర్గురు పిల్లలు ఒక కప్పుక్రింద నుండుట కష్టమై ఆ యేర్పాటు అనుకొన్నట్లు సాగలేదు. తల్లి చేతిలో చెదరిన గూటిని తుపాకితో గెలిచిన ధనముచే మరల అల్లుట అంత సులభము కాకపోయెను.

పగలు పూలమాలలు; రాత్రులు మాత్రము వేఱు. ఆతనికి నిద్ర పట్టదు. పట్టినచో పీడకలలు. తలగడక్రింద నిండుతూటాల తుపాకి నుంచుకొని పరుండుచుండెను. 1949లో ఆతడు వాండా హెండ్రిక్స్ అను చలనచిత్ర నటీమణిని వివాహమాడెను. భర్త ఒకమాఱు తనపై తుపాకి గుఱిపెట్టెనని ఆమె తరువాత చెప్పినది. ఆమెయే మఱొక మాటయు చెప్పినది: జర్మనీదేశపు యుద్ధానాథబాలల చిత్రములు వార్తాచిత్రమున కానవచ్చినప్పుడు ఆతడు అపరాధభావముతో కన్నీరు పెట్టుకొనెనట. తండ్రులను చంపినవాడు బిడ్డలను చూచి ఏడ్చెను. తానును అనాథయై పెరిగినవాడు గదా! ఈ రెండును ఒకే మనిషి చేసినవని గ్రహించినగాని ఈ కథ మనకు బోధపడదు. 1951 నాటికి ఆ దంపతులు విడిపోయిరి.

లైఫ్ పత్రికలో ముఖచిత్రము చూచిన నటుడు జేమ్స్ కాగ్నీ ఆతనిని హాలీవుడ్‌నకు రప్పించెను. ఆరంభదినములు కష్టముగ గడచెను. కొంతకాలము ఒక వ్యాయామశాలలో పరుండి కాలక్షేపము చేసెను. క్రమముగ నలుబదికి పైగా చిత్రములలో నటించెను. వానిలో ఎక్కువభాగము గుఱ్ఱపురౌతుల కథలు. 1949లో ‘టు హెల్ అండ్ బ్యాక్’ అను తన యుద్ధకథను ప్రకటించెను. దానిని వ్రాయుటలో మిత్రుడు డేవిడ్ మెక్లూర్ సహాయపడెను. 1955లో అది చలనచిత్రమయ్యెను. తన పాత్రను తానే ధరించుటకు ఆడీ మొదట వెనుదీసెను గాని తుదకు అంగీకరించెను. ఆ చిత్రము అపారముగ ధనమార్జించెను.  ప్రేక్షకులు చప్పట్లు కొట్టిరి. టిప్టన్ మరణమును కెమేరాముందు మరల నటించిన మనిషి ఆ రాత్రి ఎట్లు నిద్రించెనో ఎవరును అడిగియుండరు.

పమేలా

1951లోనే ఆతడు పమేలా ఆర్చర్ అను నామెను పరిణయమాడెను. ఆమె విమానములలో పరిచారికగ పనిచేసినది. వారికిద్దఱు కుమారులు, టెరీయు జేమ్సును. కాపురము సుఖమయమని మేము వ్రాయజాలము. ఆతనికి జూదపు వ్యసనముండెను; సంపాదించిన ధనము నిలువలేదు. నిద్రకొఱకు మ్రింగిన మాత్రలు అలవాటై, 1960 తరువాతి యేండ్లలో ఆతడు వానికి దాసుడయ్యెను. ఆ సంగతి తానే గ్రహించి, ఒక హోటలుగదిలో ఒంటరిగ తలుపు వేసికొని, వారముదినములు నరకయాతన పడి ఆ మాత్రలను మానెను. మండుచున్న బండిపై గడపిన గంటకు పతకము కలదు. ఆ వారమునకు లేదు. మా దృష్టిలో రెండవది మొదటిదానికి తీసిపోదు.

అంతటితో ఆగక ఆతడు, నాడు మగవారు సిగ్గుచే దాచుకొను సంగతిని బహిరంగముగ చెప్పెను. యుద్ధమునుండి వచ్చినవారి మనస్సులు గాయపడియున్నవనియు, తానును వారిలో నొకడననియు, కొరియా వియత్నాము యుద్ధములనుండి మరలివచ్చు యువకుల మనోవ్యథను ప్రభుత్వము పరిశీలించి వైద్యసహాయ మొసగవలయుననియు కోరెను. దేశమునకెల్ల వీరుడని కొనియాడబడినవాడు నాకు రాత్రులు నిద్రపట్టదు, భయమగును అని చెప్పుటచేత, పేరు లేని వేలకొలది సైనికులు తమ బాధను చెప్పుకొనుటకు నోరు వచ్చెను. డబ్బునకు ఇబ్బంది పడుచున్న దినములలో సైతము మద్యమునకును సిగరెట్లకును ప్రకటనలలో కనబడుటకు ఆతడు సమ్మతింపలేదు. తన్ను చూచి పిల్లలు చెడుదురని భయపడెను.

1971 మే 28వ తేదీన వర్జీనియా రాష్ట్రమున, మబ్బు కమ్మిన వేళ, ఆతడు ప్రయాణించు చిన్న విమానము కొండను ఢీకొనగా అందున్న వారందఱును మరణించిరి. ఆతనికి నలుబది యారవ యేడు నిండలేదు. జూన్ 7వ తేదీన ఆర్లింగ్‌టన్ జాతీయ శ్మశానమున సైనిక లాంఛనములతో సమాధిచేసిరి. అత్యున్నత పతకము పొందినవారి సమాధిశిలలకు బంగారురేకు అక్షరములు పొదుగుట అచ్చటి ఆచారము. ఆతని శిల మాత్రము, ఆతని కోరికమేరకు, సామాన్య సైనికుని శిలవలెనే నిరాడంబరముగ నున్నది.

భర్త విడిచిపోయినది కీర్తియు, అప్పులును. పమేలా పెద్దయిల్లు విడిచి చిన్నవాటాలోనికి మారి, లాస్ ఏంజెలెస్ పరిసరములందలి సెపుల్వెడా మాజీసైనికుల ఆస్పత్రిలో గుమాస్తాగ కుదిరెను. అచ్చట ముప్పదియైదేండ్లు పనిచేసెను. వైద్యునికొఱకు గంటలతరబడి వేచియుండు వృద్ధసైనికులను ఆమె పేరుతో పిలిచి, ఏ గదికి పోవలెనో చూపి, ఎవరును అడుగనివానిని తాను అడిగి, వానికి కావలసిన వైద్యుని చెంతకు చేర్చుచుండెను. వారు ఆమెను ఎంతో గౌరవించిరి. ఆమె 2010లో తొంబదియవ యేట కన్నుమూసెను. ఒక్క సైనికుని రాత్రులను ఇరువదియేండ్లు చూచిన కన్నులు, పిదప వేలమంది సైనికుల రాత్రులను అర్థము చేసికొనినవి. ఆమెకు పతకమేమియు రాలేదు. మర్ఫీ కుటుంబమున నిజముగ యుద్ధమును జయించినవారెవరని మమ్మడిగినచో, మేము ఈమె పేరు చెప్పుదుము.

మన గృహముల మాట

ఆడీని బాధించిన వ్యాధికి ఆతని కాలమున సరియైన పేరైనను లేదు. మొదటి ప్రపంచ యుద్ధమున దానిని గుండ్లదెబ్బ మనస్సునకు తగులుటయనిరి. రెండవ యుద్ధమున రణపు అలసట యనిరి. పెక్కుమంది పిఱికితనమనియే అనిరి. 1980లో, ఆడీ మరణించిన తొమ్మిదేండ్లకు, అమెరికాదేశపు మానసిక వైద్యసంఘమువారు తమ వ్యాధులపట్టికలో దీనికి పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అను పేరుంచిరి. ఘోరానుభవము ముగిసిన పిదపను మనస్సు దానినుండి వెలుపలికి రాలేకుండుట యని దీని తాత్పర్యము. ఇది యుద్ధమునకు పోయినవారికే కాదు. ప్రమాదములనుండి, దౌర్జన్యమునుండి బయటపడినవారికిని కలుగును. స్త్రీలకును కలుగును.

మన తెలుగునాట సైనికుల ఇండ్లు తక్కువ కావు. పశ్చిమ గోదావరి జిల్లాలో మాధవరమను గ్రామము రెండు ప్రపంచ యుద్ధములకును తన బిడ్డలనంపి మిలిటరీ మాధవరమని పేరు పొందినది. నేడును సరిహద్దులనుండి సెలవుపై వచ్చువారు, పదవి విరమించి వచ్చువారు ప్రతి జిల్లాలో నున్నారు. వారు స్టేషనులో దిగునప్పుడు హారతిపళ్లెముతో ఎదురేగుదుము. మంచిదే. ఆ హారతి ఆఱిన పిదప, రాత్రి రెండవజామున ఏమి జరుగుచున్నదో కనిపెట్టవలసినది ఇల్లాలు.

వచ్చినవాడు నిద్రలో కేకలు వేయుచున్నాడా? టపాసు ప్రేలినను, తలుపు విసురుగ పడినను ఉలికిపడుచున్నాడా? పిల్లలు దగ్గఱకు వచ్చినను దూరముగ కూర్చుండుచున్నాడా? స్వల్పవిషయమునకు మండిపడుచున్నాడా? పూర్వములేని త్రాగుడు మొదలయ్యెనా? ఇవి పొగరనియో, ఇల్లు పట్టని గుణమనియో, ఎవరో చేసిన ప్రయోగమనియో తలపరాదు. ఇది గాయము. గాయమునకు మందు కలదు. కలతనిద్రలో నున్నవానిని చప్పున తట్టి లేపక, కొంచెము దూరమునుండి పేరుపెట్టి పిలుచుట మేలు. చూచినదంతయు చెప్పుమని బలవంతపఱుపరాదు. చెప్పునప్పుడు ఊరక వినుటయే చాలును. మాజీసైనికులకు 2003లో నెలకొన్న ఇ.సి.హెచ్.ఎస్. వైద్యపథకము కలదు, దారి తెలియనిచో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున నడుగవచ్చును. 2022లో కేంద్రప్రభుత్వమువారు నెలకొల్పిన టెలీ మానస్ అను మానసికారోగ్య సేవ 14416 అను టెలిఫోను సంఖ్యపై లభించును. నిద్రమాత్రలు వైద్యుని చెప్పుడు లేనిదే వాడరాదు. ఆడీ అనుభవమే అందులకు సాక్ష్యము.

ఒక మాట స్పష్టముగ చెప్పవలసియున్నది. సహనము పేరిట ప్రాణభయమును సహింపుమని మేము ఏ సోదరికిని చెప్పము. చేయి చేసికొనినను, ఆయుధము చూపినను, ఆమె తానును బిడ్డలును క్షేమముగ నుండు చోటికి ముందు చేరవలయును. వైద్యము తరువాతి మాట. వాండా విడిపోవుటను మేము తప్పుపట్టము. పమేలా నిలిచియుండుటను మెచ్చుకొందుము. ఇద్దఱు స్త్రీలును తమ శక్తికొలది నడచిరి.

పరాజితుడై వచ్చినవానికి పసుపుముద్ద నుంచి మరల యుద్ధమునకు తఱిమినను, విజేతయై వచ్చినవానికి పూలమాల వేసి అటుపై మఱచినను, రెండును ఒక్కటే. వచ్చినవాడు మనిషి యను సంగతిని రెండుచోట్లను మఱచితిమి. పందొమ్మిదేండ్ల పిల్లవాడు మండుచున్న బండిపై ఒక గంట నిలిచెను; ఆ మంటను ఆర్పుటకు ఆతని కుటుంబమునకు ఒక జీవితకాలము పట్టెను. దేశము కొఱకు బిడ్డనంపిన తల్లికిని, భర్తనంపిన ఇల్లాలికిని ఆ లెక్క ముందుగ తెలిసియుండుట న్యాయము. ఆ బిడ్డలకు పతకములతోపాటు వైద్యమును, ఊరేగింపుతోపాటు నిదురపట్టు రాత్రియు లభింపవలయునని అడుగుట ప్రతి యింటికిని గల హక్కు.